పాఠము ఇంటిలో, లెక్క బడిలో

ఉపాధ్యాయుడు తరగతిలో పాఠము చెప్పుట, విద్యార్థి ఇంటికి పోయి లెక్కలు చేసికొనుట - ఇది మనము తరతరములుగా ఎరిగిన పద్ధతి. ఇందులో ఒక చిక్కు ఉన్నది. పాఠము వినుచున్నప్పుడు విద్యార్థికి సామాన్యముగా సందేహము కలుగదు. ఉపాధ్యాయుడు నల్లబల్లపై లెక్క చేయుచున్నంత సేపు అంతయు తేటతెల్లముగనే తోచును. సందేహము పుట్టునది రాత్రి ఒంటరిగా కూర్చుండి, అట్టి లెక్కనే తానుగా చేయబూనినప్పుడు. అప్పుడు అడుగుటకు ఉపాధ్యాయుడు దగ్గర లేడు. అనగా, ఉపాధ్యాయుని అవసరము తక్కువగా ఉన్న వేళ అతడు ఎదుట ఉండును. ఎక్కువగా ఉన్న వేళ ఉండడు.

ఈ క్రమమును తలక్రిందులు చేసినచో ఏమగును? పాఠమును చలనచిత్రముగా తీసి ఇంటికి పంపి, లెక్కలను తరగతిలో ఉపాధ్యాయుని కన్నుల ముందు చేయించినచో మేలు కదా? ఈ ప్రశ్నకు ఔనని సమాధానము చెప్పుచు 2012లో అమెరికాలో ఒక గ్రంథము వెలువడినది. దాని పేరు ‘ఫ్లిప్ యువర్ క్లాస్‌రూమ్’. ‘మీ తరగతిని తిరుగవేయుడు’ అని దానిని తెలుగున చెప్పుకొనవచ్చును. వ్రాసినవారు జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అను ఇరువురు. కొలరాడో రాష్ట్రములో వుడ్‌లాండ్ పార్క్ అను చిన్న కొండ పట్టణమందలి ఉన్నత పాఠశాలలో వీరు రసాయన శాస్త్రము బోధించిరి. ‘ప్రతి విద్యార్థిని, ప్రతి తరగతిలో, ప్రతి దినము చేరుట’ అను భావము వచ్చు ఉపశీర్షికను గ్రంథమునకు తగిలించిరి. గ్రంథము చిన్నదే కాని, దాని ప్రభావము చిన్నది కాదు. మన దేశమున కూడ ఉపాధ్యాయ శిక్షణలలో ఈ పద్ధతి పేరు వినవచ్చుచున్నది. కావున దీనిని కొంచెము నిదానించి పరిశీలించుట అవసరము.

ఈ పద్ధతి ఎట్లు పుట్టినదో గ్రంథకర్తలు దాపరికము లేక చెప్పిరి. వారి పాఠశాల పట్టణములకు దూరమున ఉన్నది. ఆటల పోటీలకును, ఇతర కార్యక్రమములకును విద్యార్థులు బస్సులలో దూరము పోవలసి వచ్చి, తరగతులు తప్పిపోవుచుండెడివారు. వారికి మరల మరల అదే పాఠము చెప్పలేక, 2007లో ఈ ఇరువురును తమ ఉపన్యాసములను కంప్యూటరు తెరపై బొమ్మలతోను కంఠముతోను రికార్డు చేయనారంభించిరి. తప్పిపోయిన పాఠము కొరకు చేసినదానిని, పాఠము విన్నవారు కూడ పరీక్షలకు ముందు తిరిగి చూడసాగిరి. అంతట వారికి ఒక ఆలోచన తోచినది: ఉపన్యాసమును అందరును ఇంటివద్దనే చూచునట్లయిన, తరగతి కాలమంతయు మిగులును గదా! మరుసటి విద్యా సంవత్సరము నుండి వారు అట్లే చేసిరి.

మిగిలిన కాలమెంత? గ్రంథములో ఒక లెక్క ఉన్నది. వారి తరగతి 90 నిమిషములు. పూర్వ పద్ధతిలో ఆరంభమునకు 5 నిమిషములు, మునుపటి ఇంటిపని దిద్దుటకు 20, కొత్త పాఠమునకు 30 మొదలు 45 నిమిషముల వరకు పోగా, అభ్యాసమునకో ప్రయోగమునకో మిగులునది 20 మొదలు 35 నిమిషములు మాత్రమే. తిరుగవేసిన తరగతిలో ఆరంభమునకు 5, చిత్రమును గూర్చిన ప్రశ్నలకు 10 నిమిషములు పోగా, 75 నిమిషములు అభ్యాసమునకే దక్కినవి. లెక్క ఆకర్షవంతముగనే ఉన్నది.

గ్రంథములోని మంచిని ముందుగా ఒప్పుకొనవలెను. ఇది విద్యాశాస్త్ర పరిభాషతో బరువెక్కిన రచన కాదు. తరగతి గదిలో నిలిచి చేసినవారు, చేయబోవు వారి కొరకు వ్రాసినది. చిత్రమును ఎట్లు చూడవలెనో కూడ విద్యార్థికి నేర్పవలెనని వారనిరి. అవసరమైన చోట ఆపుట, వెనుకకు త్రిప్పుట, చూచుచు వ్రాసికొనుట, ప్రతివాడును చిత్రమునుండి ఒక ప్రశ్నను తీసికొని తరగతికి వచ్చుట - ఇవన్నియు వారు తమ విద్యార్థులకు అభ్యాసము చేయించిరి. ఇంట ఇంటర్నెట్టు లేనివారికి పాఠములను డీవీడీలపై ఎక్కించి ఇచ్చిరి. యంత్రము వచ్చినది గనుక ఉపాధ్యాయుడు అక్కరలేదని వారు ఎచ్చటను అనలేదు. వాని అవసరము మరింత పెరిగినదనియే చెప్పిరి. ఈ నిజాయితీ మెచ్చదగినది.

ఐనను, రసాయన శాస్త్రజ్ఞులు వ్రాసిన గ్రంథమునకు రసాయన శాస్త్రపు గీటురాయినే వాడుట న్యాయము. ఒక చర్యలో ఉష్ణోగ్రతను పెంచి, అదే సమయమున ఉత్ప్రేరకమును కూడ వేసితిమనుకొందము. చర్య వేగము హెచ్చినది. ఆ వేగము వేడిమి వలన వచ్చినదా, ఉత్ప్రేరకము వలన వచ్చినదా? ఒక దానిని మార్చక నిలిపి, రెండవదానిని మాత్రమే మార్చి చూడనిదే చెప్పజాలము. తిరుగవేసిన తరగతిలో కూడ ఒకేసారి రెండు మార్పులు జరిగినవి. మొదటిది, పాఠము చలనచిత్రమై ఇంటికి పోయినది. రెండవది, తరగతిలో విద్యార్థులు చెవులప్పగించి కూర్చుండుట మాని చేతులతోను, నోటితోను పని చేయనారంభించిరి. ఫలితము బాగున్నదనుటకు గ్రంథములో అనుభవ సాక్ష్యము కలదు. ఆ ఫలితము ఏ మార్పు వలన వచ్చినదో తేల్చు ప్రయోగము మాత్రము లేదు. ఇది ఈ గ్రంథము యొక్క మొదటి లోపము.

ఈ ప్రశ్న తేలనిది కాదు. రెండవ మార్పు యొక్క బలము గ్రంథము పుట్టక మునుపే తెలిసినది. అమెరికాలో రిచర్డ్ హేక్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు 62 తరగతులలో యాంత్రిక శాస్త్రము చదివిన 6,542 మంది ఫలితములను 1998లో ప్రకటించెను. పాఠమునకు ముందును, తరువాతను ఒకే విధమైన పరీక్ష పెట్టి, రావలసిన మార్కులలో ఎంత భాగము సంపాదించిరో ఆయన లెక్కించెను. ఉపన్యాసమే ప్రధానముగా ఉన్న తరగతులలో ఈ భాగము సగటున 0.23. విద్యార్థులు చర్చించి, చేసి నేర్చిన తరగతులలో 0.48. ఉదాహరణకు, మొదటి పరీక్షలో 100కు 40 వచ్చిన విద్యార్థి ఉపన్యాసము విని 54 దరికి చేరును. తాను పాలుగొని నేర్చినచో 69 దరికి చేరును. ఈ తరగతులను చలనచిత్రముల ప్రయోజనమును కొలుచుటకు ఎన్నుకొనలేదని గమనించవలెను.

ఇక రెండు మార్పులను విడదీసి చూచిన పరిశీలన 2015లో వెలువడినది. అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయములో జేమీ జెన్సన్, ఆమె సహచరులు జీవశాస్త్ర విద్యార్థులను రెండు వర్గములుగా బోధించిరి. ఒక వర్గము కొత్త విషయమును ఇంట నేర్చి, దాని ప్రయోగమును తరగతిలో చేసెను. రెండవ వర్గము కొత్త విషయమును తరగతిలోనే ఉపాధ్యాయుని సమక్షమున నేర్చి, ప్రయోగమును ఇంట చేసెను. రెండింటను విద్యార్థులు చురుకుగా పాలుగొనునట్లు పాఠమును నడిపిరి. ఫలితములో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. తిరుగవేయుట వలన కలిగిన మేలు అనుకొన్నది, చురుకుగా నేర్చుట వలన కలిగిన మేలు కావచ్చునని వారు నిర్ణయించిరి. ఉత్ప్రేరకము ఏదో ఇప్పుడు తెలిసినది.

రెండవ ఆక్షేపణ చలనచిత్రమును గూర్చినది. పాఠము స్పష్టముగా ఉన్నచో విద్యార్థికి బోధపడునని గ్రంథకర్తల నమ్మకము. ఇది సహజమైన నమ్మకమే కాని, పూర్తిగా సత్యము కాదు. ఒక ఉదాహరణము చూతము. 18 గ్రాముల నీటిలోను, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడులోను ఒక్కొక్క మోల్ పదార్థము ఉన్నదని, ఒక మోల్‌లో 6.022 × 10²³ అణువులుండునని చక్కని బొమ్మలతో చిత్రము చూపినది. విద్యార్థి తల ఊపెను, పుస్తకములో వ్రాసికొనెను. మరునాడు అడుగుడు: “ఈ రెండింటిలో దేనియందు అణువులు ఎక్కువ?” చాలమంది 44 గ్రాములు గల దానియందే అని తడుముకొనక చెప్పుదురు. బరువు ఎక్కువైనచో సంఖ్యయు ఎక్కువగునని వారి మనస్సులో ముందే నాటుకొని ఉన్నది. చిత్రము ఆ తలంపును కదపలేదు. దాని ప్రక్కగా పోయినది. అణువులు సమానమే, ఒక్కొక్క అణువులో మూడేసి పరమాణువులున్నవి గనుక పరమాణువుల సంఖ్యయు సమానమే అని వాడు గ్రహించవలెనన్న, ముందు తన సమాధానము తప్పని వానికి తెలియవలెను.

ఆస్ట్రేలియాలో డెరెక్ మల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధన సరిగా ఈ విషయమునే నిరూపించినది. 2008లో సమర్పించిన సిద్ధాంత వ్యాసములో ఆయన రెండు రకముల భౌతిక శాస్త్ర చిత్రములను పోల్చెను. ఒకటి విషయమును సూటిగా, తేటగా వివరించునది. రెండవది, విద్యార్థులు సామాన్యముగా పొరబడు భావములను సంభాషణగా ముందు పలికించి, పిమ్మట వానిని ఖండించునది. తేట చిత్రము చూచినవారు బాగుగా తెలిసినదని సంతోషించిరి, కాని నేర్చినది స్వల్పము. రెండవది చూచినవారికి తికమకగా తోచెను, కాని వారు ఎక్కువ నేర్చిరి. తెలిసినదను తృప్తియు, తెలియుటయు ఒకటి కావు. ఉపాధ్యాయుడు ఎదుట ఉన్నచో పిల్లవాని ముఖము చూచి ఈ భేదమును కనిపెట్టవచ్చును. చిత్రము కనిపెట్టజాలదు.

చూచుట కూడ నమ్మదగినంతగా జరుగునా? ఎడెక్స్ అను సంస్థ ఇంటర్నెట్టు ద్వారా నడిపిన పాఠ్యక్రమములలో 69 లక్షల వీక్షణములను ఫిలిప్ గువో, ఆయన సహచరులు 2014లో పరిశీలించిరి. చిత్రపు నిడివి ఎంత ఉన్నను, చూచిన కాలపు మధ్యస్థము 6 నిమిషములకు మించలేదు. వారు తమంత తాము చేరిన విద్యార్థులు. బడి పిల్లలకు ఈ అంకె అట్లే అన్వయించదు. ఐనను, అరగంట ఉపన్యాసమును అట్లే చిత్రముగా తీసి పంపువారికి ఇది తగిన హెచ్చరిక.

మూడవ ఆక్షేపణ అన్నింటికన్న ముఖ్యమైనది. అది ఉపశీర్షికలోని ‘ప్రతి విద్యార్థి’ అను మాటను గూర్చినది. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో గణితము, అర్థశాస్త్రము తరగతులను చీటీ వేసిన విధముగా విభజించి, కొన్నింటిని తిరుగవేసి, కొన్నింటిని పూర్వరీతిలో నడిపి చూచిరి. ఎలిజబెత్ సెట్రెన్, ఆమె సహచరులు చేసిన ఈ పరిశీలన 2021లో ఒక విద్యాశాస్త్ర పత్రికలో ప్రకటితమైనది. గణితములో తొలుత కొంత లాభము కనబడెను, అర్థశాస్త్రములో కనబడలేదు. ఆ లాభమైనను కాలక్రమమున నిలువలేదు. అంతకన్న గమనింపదగినది, ఆ లాభము శ్వేతజాతి విద్యార్థులకును, పురుషులకును, ముందే బాగుగా చదువువారికిని చెందినది. ముందున్నవారు మరింత ముందునకు పోయిరి. వెనుకబడినవారికిని వారికిని గల దూరము పెరిగినది. అకాడమీ విద్యార్థులందరును అచ్చటనే నివసించువారు. ఒకే కప్పు క్రింద, ఒకే వసతులతో ఉండువారు. అట్టిచోటనే ఇట్లయినచో, ఇంటింటికిని వసతి మారు చోట ఏమగునో ఊహించుట కష్టము కాదు.

ఇప్పుడు మన బడుల వంకకు వత్తము. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారము, దేశములోని గ్రామీణ కుటుంబములలో కంప్యూటరు ఉన్నవి 100కు 4.4, ఇంటర్నెట్టు సౌకర్యము ఉన్నవి 14.9. అటుపిమ్మట సెల్‌ఫోనులు బాగుగా వ్యాపించిన మాట నిజమే. కాని ఇంటికి ఒక ఫోను ఉండుటయు, బిడ్డకు ఒక ఫోను ఉండుటయు వేరు. తండ్రి పనికి పోవునప్పుడు ఫోను అతని జేబులోనే పోవును. అతడు తిరిగి వచ్చువేళకు అన్నకు ఒక పాఠము, చెల్లెలికి ఒక పాఠము కాచుకొని ఉండును. ఇక పదవ తరగతి విద్యార్థికి విషయములు ఆరు. ఆరుగురు ఉపాధ్యాయులును తలకొక పదిహేను నిమిషముల చిత్రమును పంపినచో గంటన్నర. ఆపుచు, వెనుకకు త్రిప్పుచు, వ్రాసికొనుచు చూచినచో రెండు గంటలకు మించును. తరగతిలో మిగిలినదని సంతోషించిన కాలము ఆకాశమునుండి ఊడిపడలేదు. పిల్లవాని సాయంకాలమునుండి తీసికొనినది. ఇంటిలో నీరు మోయవలసిన పిల్లకు, చిన్నవారిని ఎత్తుకొనవలసిన పిల్లకు ఆ సాయంకాలము తనది కాదు. పూర్వము ఆమె లెక్కలు చేయకపోయినను పాఠమైనను బడిలో వినెడిది. తిరుగవేసిన తరగతిలో ఆమెకు పాఠమే అందదు. పాఠము వినని పిల్ల అభ్యాసములో ఏమి పాలుగొనగలదు?

తెర మీది పాఠము మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు సైట్ అను ఉపగ్రహ ప్రయోగమున ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో టెలివిజను కార్యక్రమములు చూపిరి. ఉదయపు కార్యక్రమములు బడి పిల్లలకొరకే. 2020లో కోవిడ్ వలన బడులు మూతపడినప్పుడు, సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళపై పాఠములు ప్రసారము చేసిరి. ఇవి మెచ్చదగిన ప్రయత్నములే. కాని ప్రసారమును పిల్లవాడు ఆపలేడు, వెనుకకు త్రిప్పలేడు. బెర్గ్‌మన్, శామ్స్ గొప్పగా చెప్పిన సౌకర్యమే ఇందులో లేదు. కావున ఆ గ్రంథములోని ఫలితములను ఇట్టి పాఠములకు ఆశించుట తగదు.

పిల్లల సంఖ్యను కూడ లెక్కవేయవలెను. వుడ్‌లాండ్ పార్క్‌లో మిగిలిన 75 నిమిషములను 25 మంది గల తరగతికి పంచినచో తలకు 3 నిమిషములు వచ్చును. మన పీరియడు 45 నిమిషములనుకొందము. పాఠము ఇంటికి పోగా 35 నిమిషములు మిగిలినవనుకొందము. తరగతిలో 60 మంది ఉన్నచో తలకు వచ్చునది 35 సెకనులు. ఇంత కాలములో ఉపాధ్యాయుడు పిల్లవాని పుస్తకము తెరచి తప్పు చూచుటకైనను చాలదు. కావున కాలము మిగుల్చుట ఒక్కటియే ఉపాయము కాదు. మిగిలిన కాలమును ఒక ఉపాధ్యాయుడు అరువది మందితో ఎట్లు వినియోగించగలడో చెప్పవలెను. ఈ ప్రశ్నకు ఈ గ్రంథములో మనకు పనికివచ్చు సమాధానము లేదు.

సమాధానము వేరొకచోట ఉన్నది. హార్వర్డు విశ్వవిద్యాలయములో భౌతిక శాస్త్రము బోధించు ఎరిక్ మజూర్, 1990 దశకపు ఆరంభమున తన విద్యార్థులకు బలమును గూర్చిన అతి సులభమైన పరీక్ష ఒకటి పెట్టెను. వారిలో ఒకామె, తాము నేర్చిన ప్రకారము వ్రాయవలెనా, తమకు తోచిన ప్రకారము వ్రాయవలెనా అని ఆయనను అడిగెనట! తన ఉపన్యాసములు వారి తలంపులను తాకలేదని ఆయన అప్పుడు గ్రహించెను. అటుపై ఆయన, పాఠమును ముందుగా చదివి రమ్మని చెప్పి, తరగతిలో ఒక ప్రశ్నను వేసి, ప్రతివానిని ఒక సమాధానమునకు కట్టుబడునట్లు చేసి, పిమ్మట ప్రక్కవానితో వాదించుమనెడివాడు. కొంతసేపటికి మరల అదే ప్రశ్న. ఈ పద్ధతిని వివరించుచు 1997లో ఒక గ్రంథము ప్రకటించెను. ఇందు బోధకులు ఒకరు కారు. పిల్లలందరును ఒండొరులకు బోధకులే. కావుననే ఇది పెద్ద తరగతికి సరిపోవును. సమాధానమును తెలుపుటకు విద్యుద్యంత్రములు కావలెనా? కెనడాలో నథానియెల్ లాస్రీ 2008లో ప్రకటించిన పరిశీలనలో యంత్రములు వాడినవారికిని, అట్టముక్కలు ఎత్తి చూపినవారికిని నేర్చుటలో భేదము కనబడలేదు. నీటి ప్రశ్నను, కార్బన్ డయాక్సైడు ప్రశ్నను మన తరగతిలో వేసి, అరువది అట్టముక్కలు పైకెత్తించుటకు పైసా ఖర్చు లేదు.

అట్లని చలనచిత్రములను పారవేయుమని మా అభిప్రాయము కాదు. పాదరసమును, క్లోరిన్ వాయువును పిల్లల చేతికి ఇవ్వజాలము, చిత్రములో చూపవచ్చును. అణువుల కదలికను నల్లబల్లపై చూపలేము, చిత్రములో చూపవచ్చును. జ్వరపడి బడికి రాని పిల్లవానికి చిత్రము నిజముగా ఉపకారమే. ఈ పద్ధతి పుట్టినదే అందుకు గదా! ఐతే అయిదారు నిమిషముల చిత్రమును బడిలోనే అందరికిని చూపి, నడుమ ఆపి ప్రశ్న వేసి, వాదింపజేసి, మరల చూపుట మేలు. అప్పుడు ఇంట ఫోను ఉన్నవాడును, లేనివాడును ఒక్క బల్లపై కూర్చుండి ఒక్క పాఠము నేర్తురు. ఇంటికి పాఠమును పంపవలసివచ్చినచో, పాఠ్యపుస్తకములోని రెండు పుటలను పంపవచ్చును. అవి ఆపుటకు, వెనుకకు త్రిప్పుటకు అనువైనవి. ప్రతి పిల్ల సంచిలోను ఉన్నవి.

ఈ గ్రంథమును ఉపాధ్యాయులు తప్పక చదువవలెను. ఐతే ఉపశీర్షికను నమ్మి కాదు. మొదటి ప్రశ్న కొరకు చదువవలెను. పిల్లవానికి నా అవసరము నిజముగా ఏ క్షణమున కలుగును? ఆ క్షణమున నేను ఎచ్చట ఉన్నాను? ఈ ప్రశ్నను బెర్గ్‌మన్, శామ్స్ ఇరువురును సరిగా అడిగిరి. తమ పాఠశాలకు, తమ పిల్లలకు తగిన సమాధానమును వెదకికొనిరి. వారి ప్రశ్నను మనము తెచ్చుకొనవచ్చును. సమాధానమును మాత్రము మన పిల్లల సాయంకాలమును చూచి, మన తరగతిలోని తలలను లెక్కించి, మనమే వెదకికొనవలెను.